ఆర్కిటిక్ ఆదివాసులకి ఆన్‌లైన్‌లో హెల్త్ సమాచారం ఇవ్వాలంటే ఎక్కడ మొదలెట్టాలి, ఏమేం చూసుకోవాలి

ఒట్టావాలోనో టొరంటోలోనో కూర్చుని రాసిన డయాబెటిస్ పేజీ ఒకటి తీసుకోవడం, దాన్ని ఇనుక్టిటుట్ భాషలోకి మార్పించడం, పైన ఒక ఎలుగుబంటి ఫోటో పెట్టి అప్‌లోడ్ చేసెయ్యడం, ఇన్యూట్ అనే ఆర్కిటిక్ ఆదివాసుల కోసం హెల్త్ సైట్ అంటే చాలామందికి ఇదే. ఆ పేజీలో రోజూ తాజా కూరగాయలు తినండి, సాయంత్రం పార్కులో అరగంట నడవండి అని ఉంటుంది. కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్‌లో మొత్తం 25 ఊళ్ళు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు, తాజా కూరగాయ అనేది విమానంలోనే దిగాలి, దిగేసరికి సగం వాడిపోయి రేటు మాత్రం మండిపోతుంటుంది. అలాంటి చోట ఆ పేజీ చదివినావిడకి అర్థమయ్యేది ఒక్కటే, ఇది రాసినవాళ్ళకి మా సంగతి తెలీదు అని. ఇంక రెండోసారి ఆ సైట్ మొహం చూడదు.

ఇలాంటి పేజీల పని నేను దగ్గర్నుంచి చూశాను, కెనడాలో, అలాస్కాలో, నార్వేలో ఐటీలోనో పబ్లిక్ హెల్త్‌లోనో ఉన్న మనవాళ్ళు కూడా ఇలాంటి ప్రాజెక్టుల్లో పడుతుంటారు కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తున్నా. ఎక్కువ ఉదాహరణలు కెనడా ఇన్యూట్ ప్రాంతాలవే వస్తాయి, మధ్యలో అలాస్కా, గ్రీన్‌లాండ్, సామీ వాళ్ళ సంగతి కూడా చెప్తాను.

మొట్టమొదట ఎవరి కోసం చేస్తున్నారో తేల్చుకోండి. ఆర్కిటిక్ ఆదివాసులు అనే పేరుతో ఒకే జనం ఎక్కడా లేరు. గ్రీన్‌లాండ్‌లో కలాలిసుట్ మాట్లాడతారు, కెనడాలో ఇన్యూట్ ప్రాంతాలే నాలుగు, నునావుట్, క్యూబెక్ ఉత్తరాన నునావిక్, లాబ్రడార్‌లో నునాట్సియావుట్, పడమర ఇనువియాలూయిట్, అలాస్కాలో ఇన్యుపియాట్, యుపిక్, నార్వే స్వీడన్ ఫిన్లాండ్ రష్యాల్లో సామీ, సైబీరియాలో నెనెట్స్, చుక్చీ ఇంకా చాలామంది. తిండి వేరు, భాష వేరు, ఆస్పత్రి పద్ధతి వేరు. అందరికీ కలిపి ఒక సైట్ అంటే ఎవరికీ కాని సైట్ అవుతుంది, నా మాట విని ఒక ప్రాంతం, ఒక భాష, రెండు మూడు విషయాలతో మొదలెట్టండి.

తర్వాతి పని ఒక్క లైన్ కూడా రాయకముందే అక్కడి సంస్థ దగ్గరికి వెళ్ళడం. కెనడా మొత్తానికి ఇన్యూట్ తపిరీట్ కనాటమి ఉంది, 1971 నుంచీ ఉంది, 2018లో వాళ్ళు ఇన్యూట్ జనం మీద రీసెర్చ్ ఎలా జరగాలో ఒక జాతీయ స్ట్రాటజీ కూడా పెట్టారు, అందులో అసలు మాట ఏంటంటే మా డేటా మా చేతిలో ఉండాలి, ప్రశ్నలు మేమే వెయ్యాలి అని. ఆడవాళ్ళ విషయాలైతే పౌక్టూటిట్, నునావుట్ రాజధాని ఇకలూయిట్‌లో రీసెర్చ్ అయితే కౌజిగియార్టీట్ సెంటర్, అలాస్కాలో అలాస్కా నేటివ్ ట్రైబల్ హెల్త్ కన్సార్షియం, నార్వేలో సామీల మానసిక ఆరోగ్యానికి సాంక్స్. వీళ్ళు ఆల్రెడీ చేసిన మెటీరియల్ చాలా ఉంది, మీరు కొత్తగా రాయబోయేది సగం అక్కడే దొరకొచ్చు. అప్పుడు మీ పని రాయడం కాదు, ఉన్నదాన్ని తేలిగ్గా ఓపెన్ అయ్యేలా చెయ్యడం, దానికేమీ చిన్నతనం లేదు. ఇంకోటి, సలహా ఇచ్చే పెద్దవాళ్ళకి, ఇంటర్‌ప్రెటర్లకి వాళ్ళ టైమ్‌కి డబ్బులు ఇవ్వండి, బడ్జెట్‌లో ముందే పెట్టండి, టీ ఇచ్చి థాంక్యూ చెప్పి పంపించడం పద్ధతి కాదు.

చరిత్ర తెలీకుండా మాత్రం టీబీ పేజీ ముట్టుకోకండి. 1950లలో, 60లలో సీడీ హౌ అనే ప్రభుత్వ ఓడ వేసవిలో ఊరూరా తిరిగేది, ఓడ మీదే ఎక్స్‌రే తీసేవాళ్ళు, టీబీ ఉందని తేలితే చాలామందిని ఇంటికి కూడా వెళ్ళనివ్వకుండా అట్నుంచి అటే దక్షిణాన శానిటోరియాలకి తీసుకెళ్ళిపోయేవాళ్ళు. 1956 నాటికి కెనడా ఇన్యూట్‌లో దాదాపు ఏడుగురిలో ఒకరు దక్షిణాన శానిటోరియంలో ఉన్నారంటే ఊహించుకోండి. కొంతమంది అక్కడే పోయారు, ఎక్కడ పూడ్చారో కూడా ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు. ఆ సమాధులు వెతికిపెట్టడానికి నానిలావుట్ అని ప్రాజెక్ట్ నడుస్తోంది, వాళ్ళని వెతుకుదాం అని దాని అర్థం, 2019 మార్చిలో ప్రధాని ట్రూడో ఇకలూయిట్ వెళ్ళి క్షమాపణ చెప్పాడు. ఇప్పుడు ఆలోచించండి, ఆ ఇంటి మనవరాలు ఫోన్‌లో టీబీ పేజీ తెరిస్తే మొదటి లైన్ "వెంటనే ఎక్స్‌రే తీయించుకోండి" అని ఉంటే ఆమెకి ఏం గుర్తొస్తుంది. టెస్ట్ గురించి చెప్పకూడదని కాదు, ఇన్యూట్‌లో టీబీ రేటు కెనడాలో పుట్టిన ఆదివాసేతరుల కంటే వందల రెట్లు ఎక్కువ, చెప్పి తీరాలి. కానీ ముందు చెప్పాల్సింది వైద్యం ఎక్కడ జరుగుతుంది, ఇంట్లో ఉండొచ్చా, ఒకవేళ వెళ్ళాల్సొస్తే తోడు ఎవరు వస్తారు, ఇంటికి కబురు ఎలా వస్తుంది, ఇవి. వ్యాధి రాకముందు దశలో, అదే లేటెంట్ టీబీకి, వారానికోసారి చొప్పున 12 డోసుల కోర్సు కూడా వచ్చింది, ఆ మాట పైన పెడితే భయం సగం తగ్గుతుంది.

గ్రీన్‌లాండ్‌లో గర్భనిరోధకాల పేజీ రాసేవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది. 1960లు 70లలో డెన్మార్క్ డాక్టర్లు వేలమంది అమ్మాయిలకి, ఆడవాళ్ళకి గర్భాశయంలో లూప్ పెట్టారు, వాళ్ళలో చాలామందికి చెప్పకుండా, అడక్కుండానే, అది 2022లో మళ్ళీ బయటికొచ్చి పెద్ద గొడవైంది, 2025లో డెన్మార్క్ ప్రధాని క్షమాపణ చెప్పింది. అలాంటప్పుడు లూప్ పేజీలో "మీ అనుమతి లేకుండా ఎవరూ పెట్టకూడదు, ఎప్పుడు తీసెయ్యమన్నా తీసెయ్యాలి" అనేది కింద చిన్న అక్షరాల్లో ఉండాల్సిన లైన్ కాదు.

ఇంక తిండి. నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

1980ల చివర్లో నునావిక్ తల్లుల పాలలో పీసీబీ అనే విషపదార్థాలు దక్షిణ క్యూబెక్ తల్లుల కంటే దాదాపు 5 రెట్లు ఎక్కువున్నాయని తేలింది. ఆ పీసీబీలు ఇన్యూట్ వాళ్ళు వాడినవి కావు, ఎక్కడో ఫ్యాక్టరీల నుంచి గాలిలో, సముద్రంలో కొట్టుకొచ్చి సీల్, తిమింగలం కొవ్వులో చేరినవి. వార్త పత్రికల్లో పడగానే తల్లులు బెంబేలెత్తిపోయారు, పాలివ్వాలా మానాలా, సీల్ తినాలా వద్దా. మానేస్తే ఏం తినాలి? షాపులో చిప్స్, కూల్‌డ్రింక్. సీల్, కారిబూ అనే జింక, ఆర్కిటిక్ చార్ చేప, తిమింగలం చర్మం కొవ్వుతో కలిసుండే మక్తాక్, దీన్నంతా అక్కడ కంట్రీ ఫుడ్ అంటారు, ఐరన్, ఒమేగా 3, విటమిన్ డి అన్నీ అందులోనే, మక్తాక్‌లో విటమిన్ సి కూడా ఉంటుంది. వేట అనేది ఇంటింటికీ పంచుకునే తిండి, పిల్లలకి నేర్పే చదువు కూడా. దాన్ని "తినొద్దు" అని ఒక్క ముక్కలో కొట్టేస్తే ఆ విషం చేసే నష్టం కంటే మీ సలహా చేసే నష్టం పెద్దదవుతుంది.

మరి ఎలా చెప్పాలి? నునావుట్‌లో 2007-08లో పెద్ద ఇన్యూట్ హెల్త్ సర్వే చేశారు, దాన్ని బట్టి 2012లో ఇచ్చిన సలహా చూడండి. కంట్రీ ఫుడ్ మంచిదే, తినండి, కాకపోతే రింగ్డ్ సీల్ లివర్‌లో మెర్క్యురీ ఎక్కువ కాబట్టి బిడ్డని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళు లివర్ మానేసి సీల్ మాంసం తినండి. చూశారా, ఏ జంతువు, అందులో ఏ భాగం, ఎవరు మానాలి, బదులు ఏం తినాలి, నాలుగూ ఉన్నాయి. ముసలాయనకి లివర్ మానాల్సిన పని లేదు, అదీ తెలుస్తోంది. మీ ఫుడ్ పేజీలో ప్రతి హెచ్చరికనీ ఈ నాలుగిటితో సరిచూసుకోండి, నాలుగిట్లో ఒకటి లేకపోయినా పబ్లిష్ చెయ్యకండి. నునావిక్‌లో కడుపుతో ఉన్నవాళ్ళకి బెలూగా తిమింగలం మాంసం తగ్గించుకోమని చెప్పి ఊరుకోలేదు, మెర్క్యురీ తక్కువుండే ఆర్కిటిక్ చార్ చేపని వాళ్ళకి అందించే కార్యక్రమం కూడా పెట్టారు, అలాంటిది ఉంటే మీ పేజీలో అది ఎక్కడ దొరుకుతుందో, ఎవర్ని అడగాలో రాయండి.

అలాస్కాలో బొటులిజం అనే ఫుడ్ పాయిజనింగ్ సంగతి ఇంకా బాగుంటుంది, అంటే నేర్చుకోవడానికి బాగుంటుంది అని. చేప తలకాయలు, సీల్ రెక్కలు పులియబెట్టుకుని తినడం అక్కడ తాతల నాటి నుంచీ ఉంది, గడ్డి పరిచిన గుంటలో, చల్లని నేలలో చేసేవాళ్ళు. తర్వాత ప్లాస్టిక్ బకెట్లు, గాజు సీసాలు వచ్చాయి, మూత గట్టిగా బిగించి వెచ్చగా ఉన్న చోట పెట్టడం మొదలైంది, గాలి తగలకుండా వెచ్చగా ఉంటే బొటులిజం బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది. అంటే తప్పు పాత పద్ధతిది కాదు, కొత్త బకెట్‌ది. కాబట్టి సందేశం "పులిసినవి తినకండి" కాదు, "ప్లాస్టిక్‌లో, మూతపెట్టిన సీసాలో చెయ్యకండి, మీ అమ్మమ్మ చేసినట్టు చల్లగా, గాలాడేలా చెయ్యండి, రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, నోరెండిపోవడం ఉంటే వెంటనే క్లినిక్‌కి ఫోన్ చెయ్యండి" అని. ఇది ఎల్డర్ నోటితో చెప్పించి మూడు నిమిషాల ఆడియో పెడితే పది పేజీల పాంప్లెట్‌కి సమానం.

వాల్రస్ అనే సముద్ర జంతువు సంగతి కూడా అంతే. దాని మాంసంలో ట్రైకినెల్లా అనే పురుగు ఉండొచ్చు, పచ్చిగానో పులియబెట్టో తింటే జబ్బు వస్తుంది. నునావిక్‌లో వేటగాళ్ళు మాంసం ముక్క కూజువాక్ ల్యాబ్‌కి పంపిస్తారు, రిజల్ట్ వచ్చాక ఊళ్ళో చెప్తారు, బాగుంటే పంచుకుంటారు, లేకపోతే లేదు. ఇలాంటి ఏర్పాటు ఉన్నచోట మీ సైట్ పని రిజల్ట్ త్వరగా కనపడేలా చెయ్యడమే, వాల్రస్ మీద వ్యాసం రాయడం కాదు.

వేరే చోట రాసిన డయాబెటిస్ పేజీ గురించి మొదట్లో అన్నాను కదా, దాన్ని అలాగే తెచ్చి పెట్టకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. గ్రీన్‌లాండ్ ఇన్యూట్‌లో టీబీసీ1డీ4 అనే జీన్‌లో ఒక మార్పు ఉందని 2014లో కనిపెట్టారు, దాదాపు 4 శాతం మందికి తల్లి వైపు తండ్రి వైపు రెండు కాపీలూ ఉంటాయి, వాళ్ళకి డయాబెటిస్ రిస్క్ బాగా ఎక్కువ, పైగా పరగడుపు షుగర్ టెస్ట్‌లో, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీలో అది సరిగ్గా కనపడకపోవచ్చు, గ్లూకోజ్ తాగించి చేసే టెస్ట్‌లో బయటపడుతుంది. వేరే దేశం పేజీలో "హెచ్‌బీఏ1సీ నార్మల్ అయితే నిశ్చింతగా ఉండండి" అని ఉన్న లైన్‌ని అలాగే తీసుకొచ్చి అక్కడ పెడితే తప్పు సమాచారం ఇచ్చినట్టే.

భాష దగ్గరికొద్దాం. ఇనుక్టిటుట్‌ని కొన్ని చోట్ల సిలబిక్స్ అనే లిపిలో రాస్తారు, త్రిభుజాలు, కొక్కేలు లాంటి అక్షరాలు, కొన్ని చోట్ల రోమన్ అక్షరాల్లో రాస్తారు, 2019లో ఇన్యూట్ తపిరీట్ కనాటమి అందరికీ ఒకే రోమన్ లిపి పద్ధతిని ఆమోదించింది కానీ ఊళ్ళో పెద్దవాళ్ళు చదివేది వాళ్ళు చిన్నప్పుడు నేర్చుకున్నదే. రెండూ పెట్టండి, మార్చుకునే బటన్ పైనే ఉండాలి. సిలబిక్స్ యూనికోడ్‌లోకి వచ్చి 25 ఏళ్ళు దాటింది, అయినా పాత ఫైళ్ళు పాత ఫాంట్లలో ఉంటాయి, కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, అను ఫాంట్స్‌లో టైప్ చేసిన తెలుగు ఫైల్‌ని వెబ్‌లో పెట్టడానికి తంటాలు పడినవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. ముందు యూనికోడ్‌లోకి మార్చండి, ఫాంట్ సైట్‌తో పాటే పంపండి, పాత ఫోన్‌లో డబ్బాలు కనపడుతున్నాయేమో చూసుకోండి. ఇంకో విషయం, ఈ భాషలో ఒక వాక్యమంత అర్థం ఒకే మాటలో వచ్చేస్తుంది, మాట చాలా పొడుగు ఉంటుంది, ఇంగ్లీష్ కొలతతో చేసిన బటన్‌లోంచి బయటికి పొంగిపోతుంది, డిజైన్ వాళ్ళకి ముందే చెప్పండి. సామీ భాషలకైతే ట్రోమ్సో యూనివర్సిటీ దివ్వున్ టీమ్ కీబోర్డులు, స్పెల్‌చెకర్లు ఫ్రీగా ఇస్తోంది, వాడుకోండి.

2021 నుంచి మైక్రోసాఫ్ట్ ట్రాన్స్‌లేటర్‌లో ఇనుక్టిటుట్ ఉంది, దాంతో కానిచ్చేద్దాం అని మేనేజర్ ఎవరో ఒకరు అంటారు. మందు డోసు, గర్భం, క్యాన్సర్ లాంటివాటికి వద్దంటే వద్దు. మనుషులు చేసిన అనువాదాన్నే ఇంకో మనిషి చూడకుండా పెట్టకూడదు, ఇంక మెషిన్ సంగతి చెప్పేదేముంది. క్యాన్సర్‌కి ఇనుక్టిటుట్‌లో ఒకప్పుడు వాడిన మాటకి అర్థం నయం కాని జబ్బు అని, మొదటి మాటలోనే చావు కబురు చెప్పినట్టు, ఇంక ట్రీట్‌మెంట్‌కి ఎవరొస్తారు. అందుకే పౌక్టూటిట్ వాళ్ళు ఎల్డర్లని, అనువాదకుల్ని కూర్చోబెట్టి క్యాన్సర్ పదాలన్నిటికీ కొత్త పదకోశం తయారుచేశారు. అలాంటి పదకోశాలు ముందు సంపాదించండి, లేని మాట మీరు సొంతంగా పుట్టించకండి. టెస్ట్ చేసేటప్పుడు "అర్థమైందా" అని అడక్కండి, ఎవరైనా మర్యాదకి అయిందనే అంటారు, "ఇది మీ చెల్లెలికి ఎలా చెప్తారు" అని అడగండి, ఆవిడ చెప్పేదాంట్లోంచే మీకు సరైన వాక్యం దొరుకుతుంది.

నెట్ గురించి. స్టార్‌లింక్ వచ్చాక చాలా ఇళ్ళలో స్పీడ్ బాగుపడింది, నిజమే, కానీ అందరి దగ్గరా లేదు, ఉన్నా పోతుంది. 2011 అక్టోబర్ 6న అనిక్ ఎఫ్2 శాటిలైట్ ఒకటి పాడైతే నునావుట్‌లో ఫోన్లు, నెట్ పడిపోయి విమానాలు కూడా ఆగిపోయాయి. 2023 జూన్‌లో అలాస్కా ఉత్తర తీరంలో సముద్రం అడుగున కేబుల్‌ని మంచుగడ్డ కోసేసింది, బాగుచెయ్యడానికి నెలలు పట్టింది. కాబట్టి పేజీ ముందు అక్షరాలతోనే ఓపెన్ అవ్వాలి, బొమ్మలు తర్వాత, పేజీ మొత్తం 100 కేబీ దాటకుండా చూడండి. వీడియో దానంతటదే ప్లే అవ్వకూడదు. మూడు నిమిషాల ఆడియో మోనోలో 24 కేబీపీఎస్‌తో పెడితే 540 కేబీకి వచ్చేస్తుంది, గొంతుకి అది చాలు. నేను చూసిన ఒక ప్రాజెక్టులో గర్భిణీల గైడ్‌ని 14 ఎంబీ పీడీఎఫ్‌గా పెట్టారు, అందులో 12 ఎంబీ ఫోటోలే, నర్స్ పాపం దాన్ని ఓపెన్ చెయ్యలేక తన చేత్తో కాగితం మీద రాసి జిరాక్స్ తీసి పంచింది. ఆమె రాసిన ఆ ఒక్క కాగితమే అసలు పేజీ కావాల్సింది. ఒకసారి తెరిచిన పేజీ నెట్ లేకపోయినా మళ్ళీ తెరుచుకునేలా చెయ్యండి, మొత్తం సైట్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి హెల్త్ సెంటర్‌కి పంపండి, అదే ఆడియోని ఊరి ఎఫ్ఎం రేడియోకి ఇవ్వండి, రేడియో వినని ఇల్లు అక్కడ తక్కువ.

ఉత్తరాన జనం ఎక్కువగా ఉండేది ఫేస్‌బుక్‌లో, ఊరూరికీ ఒక గ్రూప్ ఉంటుంది. అక్కడ లింక్ పడేసి ఊరుకోకుండా అసలు విషయం పోస్ట్‌లోనే రాసెయ్యండి. అలాగని దాని మీదే ఆధారపడకండి, 2023 ఆగస్టులో మెటా కెనడాలో వార్తల లింకులు ఆపేసింది, అదే నెలలో అడవి మంటల వల్ల కెనడా ఉత్తరానే ఉన్న యెల్లోనైఫ్ ఊరంతా ఖాళీ చెయ్యాల్సొచ్చింది, లోకల్ వార్తలు షేర్ చేసుకోలేక జనం చాలా ఇబ్బంది పడ్డారు.

అక్కడి జనానికి నిజంగా కావాల్సిన పేజీ ఏదని అడిగితే నేను జబ్బుల పేజీ చెప్పను, ప్రయాణం పేజీ చెప్తాను. నునావుట్ మొత్తానికి ఆస్పత్రి ఒక్కటే, ఇకలూయిట్‌లో. స్పెషలిస్ట్ కావాలంటే బాఫిన్ వైపు వాళ్ళు ఒట్టావా, కివల్లిక్ వాళ్ళు విన్నిపెగ్, పడమర కిటిక్‌మియట్ వాళ్ళు యెల్లోనైఫ్, ఎడ్మంటన్ వెళ్ళాలి. చాలా ఊళ్ళలో కాన్పు కోసం వారాల ముందే ఇల్లు వదిలి వెళ్ళాలి, మిగతా పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి అనేదే ఆ తల్లికి పెద్ద దిగులు. నునావిక్‌లో పువిర్నిటుక్ లాంటి చోట 1986 నుంచీ ఇన్యూట్ మంత్రసానులు ఊళ్ళోనే కాన్పులు చేస్తున్నారు, ఆ అవకాశం ఉన్నచోట ముందు అదే రాయండి. లేనిచోట ఎయిర్‌పోర్టులో ఎవరు వస్తారు, ఎక్కడ పడుకోవాలి, కంట్రీ ఫుడ్ పెడతారా, తోడు మనిషికి టికెట్ ఎవరిస్తారు, విమానం క్యాన్సిల్ అయితే ఏ నంబర్‌కి చెయ్యాలి, ఇంటర్‌ప్రెటర్‌ని ఎలా అడగాలి, ఇవన్నీ ఒక్క పేజీలో ఉండాలి.

హెల్త్ వర్కర్‌ని కూడా మీ రీడర్‌గా లెక్కేసుకోండి. అలాస్కాలో చిన్న చిన్న పల్లెల్లో డాక్టర్ ఉండడు, ఆ ఊరి మనిషే కమ్యూనిటీ హెల్త్ ఎయిడ్‌గా ట్రైనింగ్ తీసుకుని, మాన్యువల్ చూసుకుంటూ వైద్యం చేస్తారు, చెవి లోపల ఫోటో తీసి దూరంగా ఉన్న డాక్టర్‌కి పంపే టెలీహెల్త్ కూడా పాతికేళ్ళుగా ఉంది. మీ పేజీ ఆ ఎయిడ్ తన ఫోన్‌ని పేషెంట్ ముందు పట్టుకుని చూపించేలా ఉండాలి, పెద్ద అక్షరాలు, ఒక స్క్రీన్‌కి ఒక విషయం. వీడియో కాల్ ఏర్పాటు చేస్తుంటే ఒక చిన్న సంగతి, ఇన్యూట్ వాళ్ళు చాలామంది అవునంటే కనుబొమ్మలు ఎత్తుతారు, కాదంటే ముక్కు చిట్లిస్తారు, కెమెరాలో మొహం సరిగ్గా కనపడకపోతే డాక్టర్ "సమాధానం చెప్పట్లేదు" అనుకుంటాడు.

ప్రైవసీ ఇక్కడ మామూలు లెక్కల్లో కుదరదు. 150, 300 మంది ఉండే ఊళ్ళో "ఈ నెల ఒక కేసు" అని పెట్టారంటే ఆ మనిషి పేరు రాసినట్టే, ఊరి లెక్క పెట్టకండి, ప్రాంతం లెక్క పెట్టండి. ఇంటర్‌ప్రెటర్ పేషెంట్‌కి పిన్ని కూతురు అయ్యుండొచ్చు. ఒకే ఫోన్ ఇంట్లో నలుగురు వాడతారు కాబట్టి హింస, సెక్స్ హెల్త్ పేజీల్లో టక్కున బయటికొచ్చేసే బటన్ ఉండాలి, నోటిఫికేషన్‌లో జబ్బు పేరు రాకూడదు. అలాస్కాలో కుర్రకారు కోసం ఐ నో మైన్ అనే సైట్ ఇంటికే టెస్ట్ కిట్ పంపిస్తోంది, క్లినిక్‌లో మేనత్త ఎదురుపడుతుందనే భయం ఉన్నచోట అది ఎంత మేలో చెప్పలేను.

ఆత్మహత్యల గురించి రాసేటప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, అక్కడ ఆ బాధ తగలని కుటుంబం తక్కువ. పద్ధతులు రాయకండి, భయపెట్టే హెడ్డింగ్ పెట్టకండి, సాయం నంబర్ పేజీకి మొదట్లోనే ఉండాలి. కెనడాలో 2023 నవంబర్ 30 నుంచి 988 అనే హెల్ప్‌లైన్ నంబర్ ఉంది కానీ అది ఇంగ్లీష్, ఫ్రెంచ్‌లో, ఇనుక్టిటుట్‌లో మాట్లాడాలంటే హోప్ ఫర్ వెల్‌నెస్ లైన్‌లో అడగొచ్చు, నునావుట్‌కి కమట్సియాక్టుట్ హెల్ప్‌లైన్ 1990 నుంచీ ఉంది. ఏ నంబర్ పెట్టినా పబ్లిష్ చేసే రోజు మీరే ఫోన్ చేసి ఎవరైనా ఎత్తుతున్నారా, ఏ టైములో ఏ భాషలో దొరుకుతారు అనేది చూసుకోండి, మూడు నెలలకోసారి మళ్ళీ చూడండి.

ఆఖర్న, గ్రాంట్ అయిపోయాక సైట్ ఎవరిదో మొదటి రోజే తేల్చండి. రెండేళ్ళ డబ్బులతో మొదలై మూడో ఏడు ఎవరూ చూడక తప్పు నంబర్లతో అలా పడి ఉండే హెల్త్ సైట్ అసలు లేకపోవడం కంటే ప్రమాదం. డొమైన్ ఆ ఊరి సంస్థ పేరు మీదే కొనండి, పాస్‌వర్డ్‌లు వాళ్ళ దగ్గరే ఉంచండి, పేజీ మార్చడం అక్కడి ఇద్దరికి నేర్పండి, ప్రతి పేజీ కింద చివరిసారి ఎప్పుడు సరిచూశారో తేదీ వెయ్యండి, తేదీ ఏడాది దాటితే ఆ పేజీ పైన దానంతటదే "ఇది పాతది, హెల్త్ సెంటర్‌లో అడగండి" అని వచ్చేలా ముందే కోడ్‌లో పెట్టేయండి.